జ్వరంతో మనిషి తీరు మారితే మలేరియా ఒక్కటే అనుకోవచ్చా? హెర్పిస్ మెదడువాపుపై కొన్ని సందేహాలు

వంశధార తీరం (గుణుపురం, రాయగడ జిల్లా):

అందరికీ నమస్కారం. మా బావగారి జబ్బు గురించి తెలిసినవారిని కొన్ని సంగతులు అడగాలని ఈ ప్రశ్న రాస్తున్నాను. ఆయన వయసు యాభై దాటింది. గుణుపురంలోనే బట్టల దుకాణం నడుపుతారు. షుగరు తప్ప ఇదివరకు చెప్పుకోదగ్గ జబ్బేదీ లేదు. మొన్నటి వర్షాకాలం చివర జ్వరం, తలనొప్పి పట్టుకున్నాయి. మా వైపు జ్వరం వస్తే మొదట చేసేది మలేరియా కార్డు పరీక్ష గనుక అదే చేశారు, గీత పడింది, అంటే మలేరియా ఉందని వచ్చింది, మందు మొదలైంది. అయితే ఆ మర్నాటి నుంచి ఆయన మా అక్కను తన చెల్లెలి పేరు పెట్టి పిలవసాగారు. ఇంట్లో ఏమీ కాలకపోయినా రబ్బరు కాలిన వాసన వస్తోందని పదే పదే లేచి వెతికేవారు. దుకాణం తాళాలు చేతిలోనే ఉంచుకుని తాళాలేవని అడిగేవారు. దగ్గరలో చూసిన వైద్యులు జ్వరం తలకెక్కిందని, మలేరియా తగ్గితే ఇదీ తగ్గుతుందని అన్నారు. బంధువుల్లో కొందరు గాలి సోకిందన్నారు. ఆ తర్వాత ఫిట్స్ రావడంతో పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖపట్నం తీసుకువెళ్లాము.

అక్కడ ఆ రాత్రే ఎంఆర్ఐ తీశారు, నడుము దగ్గర సూది గుచ్చి వెన్నునీరు తీశారు, ఏ ఫలితమూ చేతికి రాకముందే అసైక్లోవిర్ అనే మందును సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షను వెన్నునీటిపై చేస్తే హెర్పిస్ లేదని వచ్చింది. అయినా మందు ఆపలేదు. కొన్ని రోజుల తర్వాత మళ్లీ తీసిన నీటిలో హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం ఉన్నట్టు తేలింది. మూడు వారాల మందు పూర్తయ్యాక ఇంటికి పంపారు.

జ్వరం వచ్చినప్పుడు పెదవి పేలడానికి కారణమయ్యే వైరస్ ఇదేనని అక్కడి డాక్టరుగారు చెప్పారు. అలాంటిది మెదడు దాకా ఎలా వెళ్లింది? ఇంట్లో పిల్లలున్నారు, ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టాలా? మొదటి పరీక్షలో లేనిది రెండవ పరీక్షలో ఎలా కనిపించింది? మలేరియా కార్డు మీద గీత పడిన మాట నిజమే కదా, మరి అది తప్పు పరీక్షా? ఇంటికి వచ్చాక మాత్రలు ఏమైనా కొనసాగించాలా? ఇవీ నా సందేహాలు.

ఇంకొక సంగతి కూడా రాయాలి. వచ్చిన కొత్తలో మరుపు ఉన్నా మనిషి నెమ్మదిగా కోలుకుంటున్నారనే అనిపించింది. ఈమధ్య మాత్రం రాత్రిళ్లు అసలు నిద్రపోవడం లేదు. ఎవరో తనను దుకాణంలోంచి వెళ్లగొట్టాలని చూస్తున్నారని అనుమానపడుతున్నారు. నమిలేది ఏమీ లేకపోయినా నోరు అదే పనిగా కదుపుతున్నారు. జ్వరం లేదు. వ్యాపారం మూతపడిందన్న దిగులు వల్ల ఇలా ఉన్నారని మా అక్క అనుకుంటోంది.

నరాల వైద్యుడు (విశాఖపట్నం):

మీ ప్రశ్నలన్నిటికంటే చివర రాసిన నాలుగు మాటలు ముఖ్యమైనవి గనుక ముందు వాటి సంగతి చెబుతాను. దయచేసి దీన్ని దిగులుగా భావించి ఊరుకోకండి. మీ బావగారిని చికిత్స జరిగిన ఆసుపత్రికే వీలైతే రేపే తీసుకువెళ్లండి.

హెర్పిస్ మెదడువాపు తగ్గిన తర్వాత కొన్ని వారాలకు మనిషి మళ్లీ మారితే రెండు కారణాలను వెతకాలి. మొదటిది వైరస్ తిరగబెట్టడం, ఇది తక్కువ. రెండవదాన్ని వైద్యులు కూడా ఇటీవలి కాలంలోనే సరిగా గుర్తించగలుగుతున్నారు. మెదడు కణాల మీద సంకేతాలను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలని ఉంటాయి. వాటిపై మన రోగనిరోధక వ్యవస్థే యాంటీబాడీలను తయారుచేసి దాడికి దిగే జబ్బును 2007లో జోసెప్ డాల్మౌ బృందం వివరించింది. హెర్పిస్ మెదడువాపు వచ్చినవారిలోనూ ఈ యాంటీబాడీలు పుడుతున్నాయని 2012లో బయటపడింది. వైరస్ ధ్వంసం చేసిన కణాల నుంచి బయటపడిన పదార్థాలను చూసి శరీరం పొరబడుతుందని పరిశోధకుల భావన. స్పెయిన్‌లో హెర్పిస్ మెదడువాపు రోగులను మొదటి నుంచీ వెన్నంటి గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. అందులో 51 మందిలో 14 మందికి, అంటే నూటికి 27 మందికి, తర్వాతి నెలల్లో ఇలా రోగనిరోధక వ్యవస్థే మెదడుపై దాడిచేసే జబ్బు వచ్చింది, వారిలో ఎక్కువమందిలో ఎన్‌ఎండీఏ యాంటీబాడీలే కనిపించాయి. ఇది అరుదైన విషయం కాదని అప్పుడు స్పష్టమైంది. చిన్నపిల్లల్లో చేతులు, కాళ్లు, నోరు అసంకల్పితంగా కదలడం ఎక్కువగా కనిపిస్తుంది. పెద్దవారిలో నిద్రలేమి, అనుమానాలు, కోపం వంటి మానసిక లక్షణాలు ముందుకు వస్తాయి. అందుకే దాన్ని దిగులనో పిచ్చి అనో అనుకుని ఇంట్లోనే ఉంచేసే ప్రమాదం ఉంది. మీరు రాసిన నోటి కదలిక విషయాన్ని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వీలైతే ఫోనులో వీడియో తీసి చూపించండి. వెన్నునీరు, రక్తం రెండింటిలోనూ ఈ యాంటీబాడీల కోసం వెతకాలి, అదే వెన్నునీటిలో హెర్పిస్ పీసీఆర్ కూడా మళ్లీ చేయాలి. వైరస్ లేదని, యాంటీబాడీలు ఉన్నాయని తేలితే దానికి వేరే చికిత్స ఉంది, మేలు కూడా జరుగుతుంది.

ఇక మిగిలినవి. ఈ వైరస్ లోకంలో చాలామంది శరీరాల్లో ఎప్పటి నుంచో కాపురం ఉంటున్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపువారిలో నూటికి 64 మందిలో, అంటే సుమారు 380 కోట్ల మందిలో, ఒకటో రకం హెర్పిస్ ఉంది. చిన్నతనంలో నోటి ద్వారా సోకి, ముఖానికి స్పర్శజ్ఞానాన్ని ఇచ్చే నరపు ముడిలో చేరి నిద్రాణంగా ఉండిపోతుంది. అప్పుడప్పుడు మేల్కొని పెదవి మీద పొక్కులుగా బయటపడుతుంది. మెదడువాపు మాత్రం ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరి నుంచి నలుగురికి వస్తుంది. అందరిలో ఉన్నది ఆ కొద్దిమందినే ఎందుకు దెబ్బతీస్తుందన్నది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2007లో జాన్ లోరాన్ కాజనోవా బృందం, ఈ జబ్బు వచ్చిన కొందరు పిల్లల్లో వైరస్‌ను పసిగట్టే టీఎల్‌ఆర్3 అనే ప్రోటీనుకు సంబంధించిన జన్యువులో లోపం ఉందని చూపించింది. తక్కిన రోగాలను చక్కగా ఎదుర్కొనే శరీరం, మెదడులో ఈ ఒక్క వైరస్ ముందు మాత్రం తేలిపోతుందన్నమాట. అయితే ఇది కొద్దిమంది రోగుల సంగతి మాత్రమే. మీ బావగారి వయసులో వచ్చేవాటికి ఇదే కారణమని చెప్పలేము.

వైరస్ ముఖపు నరం గుండానో, ముక్కుపై భాగంలోని వాసన నరం గుండానో మెదడులోకి పాకుతుందని భావిస్తారు. అది ఎక్కువగా దెబ్బతీసేది కణతల లోపలి భాగాన్ని. జ్ఞాపకానికీ, మాటకూ, వాసనకూ, భావోద్వేగాలకూ ఆధారమైన స్థలం అదే. లేని రబ్బరు వాసన, పేర్లు మారిపోవడం, చేతిలో ఉన్న తాళాలను వెతకడం, వీటన్నిటి మూలం అక్కడే ఉంది.

కంచాలు, గ్లాసులు వేరుగా పెట్టవలసిన పని లేదు. మెదడువాపు ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు. పెదవి పేలి ఉన్న మనిషి, అది ఎవరైనా సరే, పచ్చి శిశువును ముద్దుపెట్టుకోకూడదన్నది మాత్రం ప్రతి ఇంట్లో పాటించవలసిన నియమం. నెల నిండని బిడ్డకు ఈ వైరస్ సోకితే ప్రాణాపాయం.

ఇంటికి వచ్చాక మాత్రల గురించి అడిగారు. మూడు వారాల సెలైన్ మందు తర్వాత మరో 90 రోజులు, ఒంట్లో అసైక్లోవిర్‌గా మారే వాలాసైక్లోవిర్ మాత్రలను పెద్ద మోతాదులో ఇస్తే జ్ఞాపకశక్తి మెరుగుపడుతుందేమోనని పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ వీరికీ తేడా కనిపించలేదు. కాబట్టి అందరికీ అవి అవసరం లేదు. ఫిట్స్ మాత్రలను మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకండి.

పరీక్షశాల పని (బరంపురం):

నేను వైద్యుణ్ని కాను. వైరస్ పరీక్షలు చేసే ప్రయోగశాలలో పనిచేస్తాను. మొదటి పరీక్షలో లేనిది రెండవదానిలో ఎలా వచ్చిందన్న మీ ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు జవాబు రాస్తాను.

పీసీఆర్ పరీక్ష నమూనాలో ఉన్న వైరస్ జన్యుపదార్థాన్ని లక్షల రెట్లు పెంచి చూపిస్తుంది, కాని అసలు ఒక్క తునక అయినా ఆ నీటిలో ఉండాలి కదా. జబ్బు మొదలైన తొలి రెండు మూడు రోజుల్లో వైరస్ మెదడు కణజాలంలో ఉన్నా వెన్నునీటిలోకి ఇంకా తగినంతగా దిగకపోవచ్చు. నీరు తీసేటప్పుడు రక్తం కలిసినా, అందులోని పదార్థాలు పరీక్షకు అడ్డుపడి లేదని చూపించవచ్చు. అందుకే జబ్బు లక్షణాలు, ఎంఆర్ఐ గట్టిగా హెర్పిస్ వైపే చూపిస్తున్నప్పుడు మొదటి ఫలితం లేదని వచ్చినా మందు ఆపకుండా, మూడు నుంచి ఏడు రోజుల మధ్య మళ్లీ నీరు తీసి చూస్తారు. మీ బావగారికి జరిగింది సరైన పద్ధతే. మందు మొదలైతే వైరస్ వెంటనే మాయమైపోతుందని, పరీక్షకు నీరు తీసేదాకా మందు ఇవ్వకూడదని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. మొదలుపెట్టిన తొలి వారంలో పరీక్ష సాధారణంగా వైరస్‌ను చూపిస్తూనే ఉంటుంది.

ఈ పరీక్ష రాకముందు పరిస్థితి ఎలా ఉండేదో తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది. 1980ల వరకు హెర్పిస్ అని రూఢి చేయాలంటే పుర్రెకు రంధ్రం చేసి మెదడులోంచి చిన్న ముక్క తీయవలసి వచ్చేది. వెన్నునీటిలో పీసీఆర్‌తో దీన్ని పట్టుకోవచ్చని 1990లో చూపించారు. అలా ముక్క తీసిన రోగుల వెన్నునీటి నమూనాలనే దాచి ఉంచి పరీక్షించి, 1995లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. జబ్బు ఉన్న నూరు మందిలో 98 మందిని పీసీఆర్ పట్టుకుంది, జబ్బు లేని నూరు మందిలో 94 మందికి లేదని సరిగా చెప్పింది. ఆ తర్వాత మెదడు ముక్క తీసే పద్ధతి దాదాపు కనుమరుగైంది.

మన ప్రాంతంలో తరచుగా చూసే ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి. మెదడువాపు అనుమానంతో రక్తంలో హెర్పిస్ ఐజీఎమ్, ఐజీజీ అనే రెండు రకాల యాంటీబాడీల పరీక్షలు రాసి పంపుతారు. పెద్దవారిలో ఎక్కువమందికి ఐజీజీ ఎలాగూ ఉంటుంది. ఐజీఎమ్ వేరే కారణాలతో కూడా రావచ్చు, పాత వైరస్ మేల్కొన్నప్పుడు రాకపోవచ్చు. మెదడులో ఏం జరుగుతోందో రక్తపు పరీక్ష చెప్పదు. డబ్బు ఖర్చు ఒక ఎత్తు, ఆ ఫలితాన్ని చూసి లేదనుకుని మందు ఆపితే జరిగే నష్టం మరొక ఎత్తు.

నీరు తీసేటప్పుడు ఒక గొట్టం అదనంగా తీయించి ఫ్రిజ్‌లో భద్రపరచమని అడగండి. తర్వాత యాంటీబాడీల పరీక్షకో, మళ్లీ పీసీఆర్‌కో అది పనికివస్తుంది. ఊరి నుంచి ఊరికి నమూనా పంపే మనబోటి జిల్లాల్లో ఇది చాలా అవసరం.

కొండ ఆసుపత్రి (కోరాపుట్ జిల్లా):

నేను ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. వంశధార తీరం గారు రాసిన కథ మా దగ్గర తరచుగా మరో రూపంలో ఎదురవుతుంది. జ్వరం, తికమకతో మనిషిని మోసుకువస్తారు. మలేరియా కార్డు మీద గీత ఉంటుంది. ఎంఆర్ఐ లేదు, పీసీఆర్ లేదు, పెద్ద ఆసుపత్రికి చేరాలంటే ఘాట్ రోడ్డు మీద గంటల ప్రయాణం. 2016లో మల్కన్‌గిరిలో ఎంతోమంది పిల్లలు మెదడువాపుతో చనిపోయినప్పటి నుంచి దోమల ద్వారా వచ్చే జపనీస్ మెదడువాపు గురించి అందరికీ తెలిసింది, టీకాలూ వచ్చాయి. మరి హెర్పిస్‌ను మాలాంటి చోట ఎలా అనుమానించాలి? దేన్ని ముందు మొదలుపెట్టాలి? విశాఖ డాక్టరుగారు వివరంగా రాయగలరా?

నరాల వైద్యుడు (విశాఖపట్నం):

డాక్టరుగారూ, మీరు అడిగినదే ఈ చర్చలో అసలు విషయమని నా అభిప్రాయం. కొంచెం నిడివిగానే రాస్తాను.

ముందుగా కార్డు మీద గీత సంగతి. అది తప్పు పరీక్ష కాదు. మలేరియా తరతరాలుగా ఉన్న కొండ ప్రాంతాల్లో పెద్దవారికి కొంత నిరోధకశక్తి వచ్చి, రక్తంలో పరాన్నజీవి ఉన్నా జ్వరం రాకుండానే తిరుగుతుంటారు. ఒడిశా ప్రభుత్వం దుర్గమ ప్రాంతాల్లో దమన్ పేరుతో ఊరందరికీ, లక్షణాలు లేనివారికి కూడా, పరీక్ష చేసి మందు ఇచ్చే కార్యక్రమం చేపట్టింది సరిగ్గా అందుకే. కనుక గీత పడిందంటే రక్తంలో మలేరియా ఉందని అర్థం. తికమకకు కారణం అదేనని మాత్రం కాదు. మెదడు మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ తప్పకుండా ఇవ్వాలి. దానితో పాటే హెర్పిస్‌కూ మందు మొదలుపెట్టవచ్చు. ఒకటి ఇస్తే రెండవది ఇవ్వకూడదన్న నియమం లేదు.

అనుమానానికి ఆధారం రోగి పక్కన ఉన్న మనిషి చెప్పే మాట. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లలకు, వానలు, వరినాట్ల కాలంలో వస్తుంది. హెర్పిస్‌కు కాలం లేదు, వయసూ లేదు. జ్వరం మొదలై ఒకటి రెండు రోజులకే మాటలు తారుమారు కావడం, మనుషులను పోల్చుకోలేకపోవడం, లేని వాసనలు, ముఖం ఒక పక్కకు లాగే ఫిట్స్, ఇంతకుముందు లేని వింత ప్రవర్తన, వీటిలో ఏది చెప్పినా హెర్పిస్ అని రాసి ఉంచుకోండి. పెదవి మీద పొక్కులు ఉన్నాయా లేదా అన్నది చూడనక్కర్లేదు. అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు, లేనంత మాత్రాన లేనట్టూ కాదు.

పెద్దవారికి అసైక్లోవిర్ కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకొకసారి, ప్రతిసారీ గంటసేపు నెమ్మదిగా ఎక్కించాలి. త్వరగా ఎక్కిస్తే, ఒంట్లో నీరు తక్కువైతే, మందు మూత్రపిండాల్లో పలుకులుగా పేరుకుంటుంది. కాబట్టి సెలైన్ బాగా ఇవ్వాలి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తుండాలి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. మాత్రలు దీనికి చాలవు. నోటితో వేసుకున్న అసైక్లోవిర్‌లో నూటికి 15 నుంచి 30 వంతులు మాత్రమే రక్తంలోకి చేరుతుంది, అందులోంచి మెదడుకు చేరేది ఇంకా తక్కువ. మీ దగ్గర ఇంజెక్షన్ ఉంటే ఘాట్ రోడ్డు ఎక్కకముందే మొదటి మోతాదు ఇచ్చి పంపండి. బాక్టీరియా మెదడుపొరల వాపుకు సెఫ్ట్రియాక్సోన్, స్క్రబ్ టైఫస్ అనుమానం ఉంటే డాక్సీసైక్లిన్ కూడా మీ విచక్షణను బట్టి చేర్చండి. ఏ మందు ఎప్పుడు ఇచ్చారో చీటీ మీద రాసి పంపితే తర్వాత చూసే మాకు ఎంతో మేలు.

ఈ తొందర ఎందుకో పరిశోధనల చరిత్ర చెబుతుంది. మందు లేని కాలంలో ఈ జబ్బు వచ్చిన నూరు మందిలో 70 మంది చనిపోయేవారు. 1977లో రిచర్డ్ విట్లీ బృందం విడరబిన్ అనే మందును పరీక్షించి, ఒక వైరస్ మెదడువాపును మందుతో అదుపు చేయవచ్చని చూపించింది. ఆ మందుకు దుష్ఫలితాలు ఎక్కువ. తర్వాత అసైక్లోవిర్ వచ్చింది. 1984లో స్వీడన్ వైద్యులు రెండింటినీ పోల్చి చూస్తే విడరబిన్ పొందినవారిలో నూటికి 50 మంది, అసైక్లోవిర్ పొందినవారిలో 19 మంది మరణించారు. 1986లో అమెరికాలో విట్లీ బృందం చేసిన పరీక్షలో ఆ సంఖ్యలు 54, 28. రెండు దేశాల్లో వేర్వేరుగా చేసినా ఒకే దిక్కు చూపించాయి గనుక నాటి నుంచి నేటి వరకు ఇదే మొదటి మందు. 2002లో ఫ్రాన్స్ నుంచి వెలువడిన అధ్యయనం మరో ముక్క చేర్చింది. ఆసుపత్రిలో చేరాక మందు మొదలుపెట్టడంలో రెండు రోజులకు మించి ఆలస్యమైనవారు కోలుకున్న తీరు అధ్వానంగా ఉంది. ఆలస్యానికి రోగి ఇంటివారే కారణమని మనం తరచుగా అంటుంటాం. ఈ లెక్క మాత్రం ఆసుపత్రి గడప దాటాక జరిగిన ఆలస్యం గురించి.

పరీక్ష ఫలితం లేకుండా మందు ఇవ్వడానికి జంకే సహవైద్యులకు ఒక్క మాట. ఈ మందు వెనుక ఉన్న శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో జార్జ్ హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. అసైక్లోవిర్ ఉన్నదున్నట్టుగా దాదాపు ఏ పనీ చేయకుండా ఉంటుంది. వైరస్ తనకోసం తయారుచేసుకునే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్ తగిలితేనే అది క్రియాశీలమవుతుంది. తడి ఉన్నచోటనే విత్తనం మొలకెత్తినట్టు, వైరస్ ఉన్న కణంలోనే మందు మేల్కొని వైరస్ జన్యుపదార్థం పెరగకుండా గొలుసును మధ్యలో తెంచేస్తుంది. అందుకే ఆరోగ్యవంతమైన కణాలకు హాని తక్కువ. అనుమానంతో మొదలుపెట్టి, హెర్పిస్ కాదని తేలాక ఆపివేస్తే రోగికి పోయేది పెద్దగా ఏమీ ఉండదు. మొదలుపెట్టకుండా ఆగితే పోయేది జ్ఞాపకం, లేదా ప్రాణం. మందు ఖరీదైన అరుదైన వస్తువు కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నదే. మన సరిహద్దు జిల్లాల ప్రతి ఆసుపత్రిలో ఆర్టిసునేట్ పక్కన ఈ ఇంజెక్షన్ కూడా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా):

తమ్ముడూ, మీ అక్కగారి పరిస్థితి నాకు బాగా తెలుసు. మా వారికి కొన్నేళ్ల కిందట ఇదే జబ్బు వచ్చింది. గోదావరి దాటి వరంగల్ తీసుకువెళ్లి వైద్యం చేయించాము. ప్రాణం దక్కింది, నడుస్తారు, మాట్లాడతారు. చూసినవారు ఏ లోపమూ లేదనుకుంటారు. కాని పొద్దున వచ్చి వెళ్లిన చుట్టాలు మధ్యాహ్నానికి గుర్తుండరు. విచిత్రమేమిటంటే ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో, పత్తి చేనుకు ఏ పురుగు పట్టిందో చూసి ఇప్పటికీ చెప్పగలరు. పాతది పోలేదు, కొత్తది నిలవదు.

ఇంటివారికి ఉపయోగపడేవి నేను నేర్చుకున్నవి రాస్తున్నాను. వస్తువులు ఎప్పుడూ ఒకేచోట ఉంచండి. గోడ మీద పెద్ద అక్షరాల కేలెండరు, జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టి, జరిగినది జరిగినప్పుడే ఆయన చేతనే రాయించండి. ఇందాకే చెప్పాను కదా అని పదిమందిలో అనకండి. ఆ మాట వారిని లోపల కోసేస్తుంది. వాసన తెలియకపోతే గ్యాస్ స్టవ్ దగ్గర ఒంటరిగా వదలకండి. ఫిట్స్ వచ్చిన మనిషి గనుక డాక్టరు సరేననే దాకా బండి నడపనివ్వకండి, నదికి ఒక్కరినీ స్నానానికి పంపకండి. మీ అక్కగారు రాత్రి పగలూ ఒక్కరే చూసుకుంటే ఆమె కూడా మంచం పడతారు. మీరు, పిల్లలు వంతులు వేసుకోండి. ఇది నేను మనసారా చెబుతున్న మాట.

నరాల వైద్యుడు (విశాఖపట్నం):

ప్రాణహిత ఒడ్డు గారు రాసింది వైద్యపరంగా కూడా సరైనదే. 1985లో ఈ జబ్బు బారిన పడిన బ్రిటన్ సంగీత విద్వాంసుడు క్లైవ్ వేరింగ్ కొత్త జ్ఞాపకాలను క్షణాలకు మించి నిలుపుకోలేకపోయారు, అయినా పియానో ముందు కూర్చుంటే వాయించగలిగేవారు. చేతులు నేర్చిన విద్య, ఏళ్ల తరబడి చేసిన పని మెదడులో వేరే భాగాల్లో ఉంటాయి. అందుకే కోలుకునే దశలో రోగికి బాగా తెలిసిన పనిని ఆసరాగా చేసుకుని మిగిలినవి నేర్పడం మంచి పద్ధతి. మీ బావగారు కుదుటపడ్డాక దుకాణంలో గుడ్డ కొలిచి కత్తిరించే పని ఎవరైనా పక్కన ఉండగా చేయించండి. లెక్కలు, బాకీలు మాత్రం కొంతకాలం వేరొకరు చూడాలి.

వంశధార తీరం (గుణుపురం):

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. మీ మాట ప్రకారం ఆయనను విశాఖ తీసుకువెళ్లి చేర్పించాము. నోటి కదలిక వీడియో చూడగానే అక్కడి డాక్టరుగారు వెన్నునీరు మళ్లీ తీయించారు. హెర్పిస్ పీసీఆర్ లేదని వచ్చింది. ఎన్‌ఎండీఏ యాంటీబాడీలు వెన్నునీటిలో ఉన్నాయని నిన్న తెలిసింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అవసరమైతే రక్తంలోంచి ఈ యాంటీబాడీలను వడపోసే పద్ధతి కూడా ఉందన్నారు. మా అక్కకు రెండు భయాలున్నాయి. స్టెరాయిడ్ వల్ల హెర్పిస్ మళ్లీ లేస్తుందా? ఆయనకు షుగరు ఉంది కదా, దాని సంగతేమిటి?

నరాల వైద్యుడు (విశాఖపట్నం):

సకాలంలో తీసుకువెళ్లినందుకు ఎంతో సంతోషం. వెన్నునీటిలో వైరస్ లేదని తేలాకనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు కాబట్టి మొదటి భయానికి అవకాశం తక్కువ. ఈ చికిత్స సాగేటప్పుడు వైరస్ తిరగబెట్టకుండా కొందరు వైద్యులు అసైక్లోవిర్‌ను కూడా కొంతకాలం కొనసాగిస్తారు. అది మీ డాక్టరుగారి నిర్ణయానికి వదలండి.

షుగరు మాత్రం తప్పకుండా పెరుగుతుంది. ముఖ్యంగా మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో ఎక్కువగా ఉంటుంది గనుక పరగడుపున చూసిన లెక్క ఒక్కటే చాలదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇన్సులిన్ అవసరం కావచ్చు, అది చూసి మీ అక్కగారు బెంగపడనక్కర్లేదు. స్టెరాయిడ్ తగ్గేకొద్దీ ఇన్సులిన్ కూడా తగ్గించాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. ఇంటికి పంపేటప్పుడు ఆ తగ్గింపు ఎలాగో తేదీలవారీగా రాయించుకోండి. వడపోత కాక, దాతల రక్తం నుంచి తీసిన ఐవీఐజీ అనే యాంటీబాడీ ద్రావణం, యాంటీబాడీల తయారీని తగ్గించే రిటక్సిమాబ్ అనే మందు కూడా ఈ జబ్బుకు వాడతారు. మెరుగుదల వారాల్లో, ఒక్కోసారి నెలల్లో కనిపిస్తుంది. మొదట నిద్ర కుదురుకుంటుందో, అనుమానాలు తగ్గుతాయో గమనించి రాసి ఉంచండి, తర్వాతి సారి చూపించేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకువెళ్లండి.